శీతాకాల కేంబ్రిడ్జి యాత్రావిధి

కేంబ్రిడ్జి నగరాన్ని సంపూర్ణంగా బయటినుంచే దర్శించగోరే యాత్రికుడు డిసెంబరు నెలాఖరును ఎంచుకోవడం ఉత్తమం. ఆ రోజుల్లో సూర్యుడు ఎనిమిది దాటాక ఉదయించి నాలుగు కాకముందే అస్తమిస్తాడు, విద్యార్థులు సెలవులకు వెళ్లిపోతారు, అనేక కళాశాలలు క్రిస్మస్ పేరిట సందర్శకులకు తలుపులు మూస్తాయి. 1845లో తెరిచిన రైల్వే స్టేషను ఊరి నడిబొడ్డుకు మైలుకు పైగా దూరాన ఉండడం కూడా ఇందుకు తోడ్పడుతుంది. కుర్రవాళ్లు రైలెక్కి చెడిపోతారని భయపడిన విశ్వవిద్యాలయం, వారిని స్టేషనులోనే ఆపించే అధికారాన్ని చట్టం ద్వారా సంపాదించుకుంది. యాత్రికుణ్ణి ఆపడానికి మాత్రం ఎదురుగాలి చాలు. ఆ గాలి ఉరల్ పర్వతాల నుంచి అడ్డూ ఆపూ లేకుండా వస్తుందని స్థానికులు ఒకింత గర్వంగా చెబుతారు. భూగోళశాస్త్రం మాట ఎలా ఉన్నా, వణుకుతున్నవాడు దానిని ఖండించరాదు.

కళాశాల ద్వారం దగ్గర పోర్టరు, అంటే ఎవరిని లోనికి రానివ్వాలో నిర్ణయించే ద్వారపాలకుడు, ఉంటాడు. ఆయన కరుణిస్తే కోర్టులోకి, అనగా నాలుగు వైపులా భవనాలూ నడుమ పచ్చికా గల ముంగిలిలోకి, ప్రవేశం లభిస్తుంది. చాలా కళాశాలల్లో ఆ పచ్చికపై నడిచే హక్కు ఫెలోలకు, అంటే కళాశాల పాలనలో భాగస్వాములైన పండితులకు, మాత్రమే కనుక, మంచు కురిసి గడ్డి జాడ తెలియని రోజున గోడనానుకొని నడవడం క్షేమం.

1446లో మొదలై 1515లో ముగిసిన కింగ్స్ కళాశాల ప్రార్థనాలయపు విసనకర్ర కప్పు, అంటే స్తంభాల తలల నుంచి రాతి ఈనెలు విచ్చుకొని పైన కలుసుకునే కప్పు, ఆ జాతిలో ప్రపంచానికే పెద్దది. మెడ పట్టేసేదాకా దానిని చూడవచ్చు. అయితే 1918 నుంచి ఏటా డిసెంబరు 24న అక్కడ జరిగే కేరల్ గీతాల, అంటే క్రిస్మస్ కీర్తనల, ఆరాధనలో చోటు దుర్లభం కనుక, ఇంత దూరం వచ్చి దానిని బస గదిలో రేడియో పెట్టుకొని వినడమే, వెచ్చదనం దృష్ట్యా, శ్రేష్ఠమైన పద్ధతి.

బస విషయంలో శ్రీనివాస రామానుజన్ అనుభవమే ప్రమాణం. ట్రినిటీ కళాశాలలో ఉంటున్న ఆ గణితజ్ఞుడు రాత్రుళ్లు చలికి తాళలేక ఓవర్‌కోటు తొడుక్కొని, పైన శాలువా కప్పుకొని పడుకుంటున్నానని చెప్పగా, అప్పట్లో కింగ్స్‌లో చదువుతున్న ప్రశాంత చంద్ర మహలనోబిస్ పడకగదిలోకి వెళ్లి చూసి, కంబళ్లన్నీ పరుపు కిందికి బిగించి ఉండగా ఆయన వాటి పైనే పడుకుంటున్నాడని కనిపెట్టాడు. అంచు ఎత్తి లోపలికి దూరాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ నగరంలో చేయకూడనివన్నీ బోర్డుల మీద ఉంటాయి, చేయదగినవి మాత్రం ఎవరికి వారే కనుక్కోవాలి; కాబట్టి యాత్రికుడు పచ్చికను వదిలి ముందుగా పరుపును పరిశీలించాలి.

కామ్ నదిలో పంటు, అంటే పొడవాటి గడతో నెట్టే చదునడుగు పడవ, చలికాలంలోనూ దొరుకుతుంది. గడ బురదలో దిగబడినప్పుడు దానిని పట్టుకు వేలాడక వెంటనే వదిలేయాలి. అత్యవసరానికని తెడ్డు ఒకటి పడవలోనే ఉంటుంది గాని, దాని మీద కంబళి కప్పుకొని కూర్చున్న తోటి ప్రయాణికుణ్ణి లేపడమే కష్టం.