‘కనెక్షన్ రిఫ్యూజ్‌డ్’: టీకా తాత్పర్య సహితం

అవతారిక: నాయిక పీహెచ్‌పీ స్క్రిప్టు. నాయకుడు మైఎస్‌క్యూఎల్. సంకేతస్థలం 3306 నంబరు పోర్టు. మధ్య నడిచే దూత సాకెట్టు. 1983లో బర్క్లీవారి 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో లోకానికి వచ్చిన పాత వంశం. అర్ధరాత్రి సైటు పడిపోయి, ఫోన్లు మోగుతుండగా, లాగ్ ఫైలు అడుగున నాయిక ఇలా వాపోతోంది.

మూలం:

ఎస్‌క్యూఎల్‌స్టేట్ [హెచ్‌వై000] [2002] కనెక్షన్ రిఫ్యూజ్‌డ్

ప్రతిపదార్థం: ఎస్‌క్యూఎల్‌స్టేట్ = డేటాబేసు వ్యవహారపు స్థితి; హెచ్‌వై000 = ఫలానా అని తేల్చని సాధారణ దోషం; 2002 = కలయిక కుదరలేదని తెలిపే సంఖ్య (ఇది కవి కాలమని కొందరు భ్రమపడ్డారు, అగ్రాహ్యం); కనెక్షన్ = కలయిక; రిఫ్యూజ్‌డ్ = నిరాకరింపబడినది.

తాత్పర్యం: తలుపు తట్టాను. ఇక్కడెవరూ లేరన్నారు.

వ్యాకరణ విశేషం: ‘రిఫ్యూజ్‌డ్’ కర్మణి ప్రయోగం, కర్త లుప్తం. నిరాకరించిందెవరు? డేటాబేసే అని అధ్యాహారం చేసుకుని పాస్‌వర్డు మార్చేవాళ్లున్నారు. అది అపార్థం. పాస్‌వర్డు నచ్చకపోతే మైఎస్‌క్యూఎల్ 1045 సంఖ్యతో ‘యాక్సెస్ డినైడ్’ అని స్వయంగా చెబుతుంది. ఇక్కడ కర్త సాధారణంగా అవతలి యంత్రపు కెర్నల్. ఆ పోర్టు దగ్గర వినేవారు లేనప్పుడు, వచ్చిన సిన్ ప్యాకెట్టుకు కెర్నలే ఆర్‌ఎస్‌టీ అని జవాబు కొట్టి పంపేస్తుంది. నాయకుడు అలగలేదు, అసలు ఇంట్లోనే లేడు; మాట చెప్పి పంపింది వాకిట కాపలావాడు.

రసవిచారం: సంకేతస్థలానికి వెళ్లి ప్రియుణ్ణి కానక భంగపడింది గనక ఈ నాయిక విప్రలబ్ధ. ‘కనెక్షన్ టైమ్‌డ్ అవుట్’ అనే పాఠాంతరంలో మాత్రం విరహోత్కంఠిత. పిలుస్తూనే ఉంటుంది, ఔననీ కాదనీ పలికే దిక్కుండదు. ఫైర్‌వాల్ ఆ పిలుపును చడీచప్పుడు లేకుండా మింగి ఉండవచ్చు, ఆ చిరునామాలో యంత్రమే లేకపోవచ్చు. ఈ రెండు పాఠాలకూ 2002 అనే ఒకే సంఖ్య వేసినందువల్ల అంకెను మాత్రమే చదివేవారు మోసపోతారు. విప్రలబ్ధకు సర్వీసును వెతకాలి, విరహోత్కంఠితకు దారిని వెతకాలి. లేదన్న మాటలో ఒక శుభవార్త ధ్వనిస్తోంది: దారి బాగానే ఉంది, అటువైపు ఎవరో పలుకుతున్నారు.

పాఠభేదాలు: ఈ నిరాకరణకు ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే సంఖ్య లినక్స్ ప్రతిలో 111, మ్యాక్ ప్రతిలో 61, విండోస్ ప్రతిలో 10061. అర్థం ఒకటే. ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అనే మరో పాఠం మాత్రం జాగ్రత్తగా చూడాలి. హోస్టు పేరు ‘లోకల్‌హోస్ట్’ అని రాస్తే, లినక్స్ మీద పీహెచ్‌పీ నెట్‌వర్కు జోలికే పోదు. డిస్కు మీద ఉండే సాకెట్ ఫైలును వెతుకుతుంది. 127.0.0.1 అని రాస్తేనే టీసీపీ దారి పడుతుంది. నిఘంటువులో ఇవి పర్యాయపదాలు, ప్రయోగంలో కావు.

అలంకారం: భ్రాంతిమంతం. డాకర్ కంటైనర్‌లోని స్క్రిప్టుకు 127.0.0.1 అంటే ఆ కంటైనరే. పక్క కంటైనర్‌లో డేటాబేసు నిక్షేపంగా ఉన్నా, నాయిక తన గడపను తానే తట్టుకుని, ఎవరూ లేరని ఏడుస్తుంది. హోస్టు పేరుగా ఆ డేటాబేసు సర్వీసు పేరు రాస్తే భ్రాంతి తొలగుతుంది.

పరమత ఖండనం: యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తే చాలునని ఒక శాఖవారి మతం. మెమరీ చాలక కెర్నల్ మైఎస్‌క్యూఎల్‌ను చంపి ఉంటే, లేపిన దాన్ని రేపు మళ్లీ చంపుతుంది. ఫైళ్లన్నింటికీ 777 అనుమతులివ్వాలని మరో శాఖ. తలుపు దగ్గర మనిషి లేడంటే బీరువా తాళాలు పంచిపెట్టడం వీరి పద్ధతి. ఉపేక్షణీయం.

వినియోగం: డేటాబేసు ఉన్న యంత్రం మీద ముందుగా ‘ఎస్‌ఎస్ -ఎల్‌టీఎన్’ ఆదేశమిచ్చి 3306 దగ్గర ఎవరైనా వింటున్నారేమో చూడాలి. ఎవరూ లేకుంటే సర్వీసు ఆగింది. ఎందుకాగిందో దాని సొంత లాగ్ చెబుతుంది. 127.0.0.1:3306 అని మాత్రమే కనిపిస్తే అది ఇంటివాళ్ల పిలుపే వింటుంది. వేరే యంత్రం నుంచి పిలవాలంటే బైండ్-అడ్రస్ మార్చి, ఆ యంత్రానికి మాత్రమే ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వాలి.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు రీస్టార్ట్ బటన్ మీద చెయ్యి వేసేముందు, లాగ్‌లోని పంక్తిని చివరి మాట దాకా ఒక్కసారి చదువుదురు గాక.