నోరు తెరిచి పడుకునేవారికి మాస్కు ఎంపిక: పక్కా చిట్కాలు

గురక భరించలేక ఇంట్లోవాళ్లు పోరుపెడితే హైదరాబాద్ పోయి స్లీప్ స్టడీ చేయించుకున్నారు. నిద్రలో ఊపిరి ఆగుతోందని తేలింది. మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మిషన్ రాశారు. పైగా మీరు నోటితో గాలి పీల్చే మనిషి. ఇక మిగిలింది మాస్కు కొనడమే. ఇక్కడ తెలివిగా మెలిగితే నెల తిరక్కుండా మిషన్ అలమారా పైకెక్కుతుంది, మాట మాత్రం మీ మీదికి రాదు. నల్లగొండ, పాలమూరు వాసులకు అక్కరకొచ్చే చిట్కాలు ఇవి. వరస తప్పకండి.

1. రిపోర్టును మీకు అనుకూలంగా చదవండి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, ఎన్నిసార్లు బాగా తగ్గిందో కలిపి చూపే అంకెను ఏహెచ్‌ఐ అంటారు. ఒక్కోసారి కనీసం 10 సెకన్లు. 5 లోపు ఉంటే మామూలు, 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం అని డాక్టర్ల లెక్క. మీకు 42 వచ్చిందా? పదో తరగతిలో 35కే పాస్ చేస్తారు. ఆ మాట ఇంట్లో గట్టిగా అనండి.

2. కొలతకు మీరు పోవద్దు. కోఠిలో సర్జికల్ దుకాణాలున్నాయి, ఎటూ హైదరాబాద్ పోతున్న బామ్మర్దికి చెప్పండి. ఏ సైజు అని ఫోన్ చేస్తే "మీడియం తే" అనండి. ముక్కు వెడల్పు చూసుకునే కాగితం కొలత ఒకటి ఉంటుంది, దాని ఊసెత్తకండి. ముఖానికి పెట్టిన మాస్కు మామూలుగా వాపసు తీసుకోరు. మీ పని సగం అక్కడే అయిపోతుంది.

3. అన్నిటికన్నా చిన్న మాస్కు ఎంచుకోండి. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే నేజల్ పిల్లో చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. నోరు తెరిచి పడుకునేవారికి దీని సుఖమే వేరు. ముక్కులోంచి పోయిన గాలి నోట్లోంచి వచ్చేస్తుంది, గొంతును తెరిచి ఉంచాల్సిన ఒత్తిడి నిలవదు, మీ గురక మీకు భద్రంగా మిగులుతుంది. పొద్దున లేచేసరికి నాలుక అంగిట్లో అంటుకుపోయి ఉంటుంది. ఒక చెంబెడు నీళ్లు తాగితే సరి. ముక్కు, నోరు రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్కును మీలాంటివారికి డాక్టర్లు ఎక్కువగా చెబుతారు. మీసం నలుగుతుందని చెప్పి తప్పించుకోండి. ముక్కు మాస్కుతో పాటు గదవను పైకి పట్టి ఉంచే పట్టీ అంటగట్టబోతే "పీనుగకు కట్టినట్టుంది" అనండి. ఆ మాట విన్నాక ఎవరూ బలవంతం చేయరు.

4. ముందుగా పెట్టి చూడాల్సి వస్తే కుర్చీలో నిటారుగా కూర్చుని, మిషన్ బంద్ చేసి చూడండి. చక్కగా కూర్చుంటుంది. వెల్లకిలా పడుకుంటే చెంపలు జారుతాయి, ప్రక్కకు తిరిగితే దిండు నెడుతుంది, గాలి ఒత్తిడి పెరిగితే అంచు లేస్తుంది. అవన్నీ రాత్రి చూసుకోవచ్చు.

5. పట్టీలు లాగండి. మొత్తంలో పనికొచ్చే చిట్కా ఇదే, కాబట్టి శ్రద్ధగా చేయండి. పడుకునే ముందు ముఖానికి ఇంత కొబ్బరినూనె రాసుకోండి. సిలికాన్ అంచు జారి గాలి ఫుస్సుమని కంట్లో కొడుతుంది. ఒక పట్టీ లాగండి. మళ్లీ కొడుతుంది, రెండోది లాగండి. కాస్త వదులు చేస్తే అంచు గాలికి ఉబ్బి ముఖానికి సరిగ్గా ఆనుతుందని నేర్పినవాళ్లు చెప్పే ఉంటారు. మీరు లాగుతూనే ఉండండి. కొద్ది రోజుల్లో ముక్కుదూలం మీద ఎర్రగా కందుతుంది, తర్వాత తోలు లేస్తుంది. అదే మీ సర్టిఫికెట్. దాన్ని భార్యకు చూపిస్తే లాభం లేదు, పట్టీ వదులు చేసి పోతుంది. పొద్దున్నే ఛాయ్ తాగేటప్పుడు అమ్మ ముందు కూర్చోండి. "అయ్యో బిడ్డా, ముక్కంత ఒరుసుకపాయె, అవుతల పారెయ్ దాన్ని" అని ఆమె నోటితో రానివ్వండి. పెద్దల మాట కాదనలేమని భార్యతో చెప్పండి.

6. గాలిని తడిపే డబ్బాలో బోరు నీళ్లు పోయండి. డిస్టిల్డ్ వాటర్ అని పుస్తకంలో రాసి ఉంటుంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టారు, నీళ్ల కోసం మనవాళ్లు పడాల్సిన కష్టం ఎప్పుడో పడ్డారు. మీరు దుకాణం దాకా నడవనక్కరలేదు. డబ్బా అడుగున తెల్లగా పొర కట్టాక "మిషన్ ఖరాబైంది" అనొచ్చు.

7. ముక్కు ఎందుకు మూసుకుపోతోందో చూపించుకోకండి. మిర్యాలగూడ రైస్ మిల్లుల దుమ్మే కావొచ్చు, ముక్కులో ఎముక వంకరే కావొచ్చు. ముక్కు బాగుపడితే నోరు మూతపడుతుంది, అప్పుడు సాకు పోతుంది.

8. పడుకునే ముందు కల్లు తాగండి. చెట్టు కల్లా, మందు కల్లా అని అడగొద్దు. డైజీపాం, ఆల్ప్రాజోలం లాంటి నిద్రమందులు కలిపిన కల్లు పట్టుబడిందని పాలమూరులో ఎన్నిసార్లు వార్తలు రాలేదు! మత్తులో గొంతు కండరాలు ఇంకా సడలుతాయి, ఊపిరి ఇంకా ఎక్కువసార్లు ఆగుతుంది, ఆగినా మెలకువ రాదు. మాస్కు ఎప్పుడు పీకేశారో కూడా గుర్తుండదు. గుర్తులేని పనికి జవాబు చెప్పాల్సిన పని లేదు.

9. గంటలు నింపండి. రాత్రికి కనీసం 4 గంటలైనా వాడారా అని డాక్టరు మిషన్‌లో చూస్తారు. సీరియళ్లు చూస్తూ మాస్కు పెట్టుకోండి. గంటల మీటరుకు మీరు మేల్కొని ఉన్నారో పడుకున్నారో పట్టదు. నిద్రొచ్చే వేళకు తీసేయండి.

10. భయపెట్టేవారికి జవాబులు సిద్ధం చేసుకోండి. 2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహిరి ఈ జబ్బుతోనే పోయారని డాక్టర్లు చెప్పిన సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు. వెంటనే ఆయన కట్టిన 'గ్యాంగ్ లీడర్' పాటల్లోకి దిగండి. ఒక్క పాట అందుకున్నారంటే అసలు సంగతి మరుగున పడుతుంది. ఇంకా వదలకపోతే 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లోపలి నురుగు విడిపోతోందని మిషన్లు వెనక్కి పిలిచిన సంగతి చెప్పండి. మీది వేరే కంపెనీది అని చెప్పనక్కరలేదు.

11. బీపీ పెరిగితే సంతోషించండి. మాత్ర ఒకటి పెంచుతారు. రాత్రంతా మాస్కు మోయడం ఎక్కడ, గుటుక్కున మింగడం ఎక్కడ!

12. కారు మీరే నడపండి. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కగానే కళ్లు మూతపడతాయి. చిట్యాల దాకా కిటికీ దించి, చౌటుప్పల్ దాకా పాటలు పెట్టి లాగండి. ఛాయ్ కోసం ఆగితే టైం దండగ. బండి డివైడరు ఎక్కితే బర్రె అడ్డమొచ్చిందనండి, ఆ బాటలో ఎవరైనా నమ్ముతారు. పాలమూరు వాళ్లకు జడ్చర్ల దాటాక 44వ నంబరు రోడ్డు మీద కూడా ఇదే జవాబు చెల్లుతుంది.