యుద్ధమా, సంయమనమా? వాదించబోయేవారికి కొన్ని విపరీత సలహాలు

నాంపల్లి, అబిడ్స్ చుట్టుపక్కల హాళ్లలో ఏడాది పొడుగునా వక్తృత్వ పోటీలు, చర్చాగోష్ఠులు జరుగుతూనే ఉంటాయి. సరిహద్దులో కాల్పులు మొదలైన వారంలో అంశం ఏమిటని అడగక్కర్లేదు. శత్రుదేశం మీద బలప్రయోగమా, సంయమనమా? నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటళ్లలోనూ అదే చర్చ. పిల్లల్ని పోటీలకు తయారుచేసేవాళ్లు నేర్పేది దాదాపు ఒకే పాఠం: ఒక పక్షం పట్టుకో, గొంతు పెంచు, ఎదుటివాడికి సందివ్వకు, చప్పట్లు పడే వాక్యంతో ముగించు. కప్పు గెలవడానికి ఆ పద్ధతి బాగానే పనికొస్తుంది. యుద్ధం గురించి ఆలోచించడానికి మాత్రం పనికిరాదు. అందుకే దానికి నూటికి నూరుపాళ్లు ఎదురు నడిచే సలహాలు ఇక్కడ ఇస్తున్నాను. వినగానే తప్పుగా తోస్తాయి. అయినా ప్రతి ఒక్కటీ పాటించమనే నా కోరిక.

1. ప్రపంచ రాజకీయాలను పక్కన పెట్టి మీ వీధితో మొదలుపెట్టండి

అమెరికా, చైనా అంటూ మొదలుపెడితే విషయం తెలిసినవాడిలా కనిపిస్తాం. కానీ ఈ చర్చ ప్రాణాల మీదికి వచ్చిన ఊరు మనదే. అబిడ్స్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న కింగ్ కోఠీలో కూర్చుని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1947లో భారత యూనియన్‌లో చేరనన్నాడు. 82 వేల చదరపు మైళ్ల రాజ్యం, కోటీ అరవై లక్షలకు పైగా జనం, సొంత సైన్యం, సొంత నాణెం, సొంత రైలు. ఇవాళ మనం టికెట్టు కొనే నాంపల్లి స్టేషన్ కూడా ఆ రాజ్యపు రైలుదే. 1947 నవంబర్ 29న ఢిల్లీతో ఏడాది గడువుకు యథాతథ ఒడంబడిక కుదిరింది. అయిదు రోజులు తిరక్కుండానే, డిసెంబర్ 4న, కింగ్ కోఠీ దగ్గర నిజాం కారు మీద నారాయణరావు పవార్ అనే యువకుడు బాంబు విసిరాడు. 1948 ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం భారత్ మీద ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. ఒడంబడిక, ఆయుధాల దొంగరవాణా, ఆంక్షలు, అంతర్జాతీయ ఫిర్యాదు, చివరికి సైనిక చర్య. విదేశాంగ విధానంలో ఉండే మెట్లన్నీ పదినెలల్లో మన కళ్లెదుటే ఎక్కేశారు. మీ వాదన ఏదైనా ముందు ఈ పదినెలల మీద పెట్టి పరీక్షించండి.

2. ఓడినవాడి పుస్తకం ముందు చదవండి

ఆదివారం పొద్దున అబిడ్స్ దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. ఫుట్‌పాత్ మీద పరిచిన పట్టాల మీద పుస్తకాలు గుట్టలు పోసి ఉంటాయి. ఎంసెట్ గైడ్ల కింద పాత ఇంగ్లీషు నవలలు, వాటి కింద అట్ట ఊడిన చరిత్రలు, ఎవరో చనిపోయాక ఇంట్లోవాళ్లు తూకానికి అమ్మేసిన సంతకాల పుస్తకాలు. ఓపిగ్గా వంగి వెతికితే మన కథను ఎదురెదురుగా నిలబడి చెప్పినవాళ్లు దొరుకుతారు. సంస్థానాల విలీనం నడిపిన వి.పి. మీనన్ ఒక కథ చెబుతాడు. భారత ప్రభుత్వ ప్రతినిధిగా ఇక్కడున్న కె.ఎం. మున్షీ ఇంకొకటి చెబుతాడు. నిజాం చివరి ప్రధాని మీర్ లాయక్ అలీ రాసిన పుస్తకంలో అదే 1948 సెప్టెంబర్ సైనిక చర్య వేరుగా కనిపిస్తుంది. నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ జ్ఞాపకాలున్నాయి, స్వామి రామానంద తీర్థ జ్ఞాపకాలున్నాయి, పుచ్చలపల్లి సుందరయ్య రాసిన సాయుధ పోరాట చరిత్ర ఉంది.

గెలిచినవాడి పుస్తకంలో ఏ పని ఎందుకు ఫలించిందో ఉంటుంది. ఓడినవాడి పుస్తకంలో ఎదుటిపక్షం మన మాటల్ని, మన కదలికల్ని ఎలా అర్థం చేసుకుందో ఉంటుంది. శత్రువుతో వ్యవహరించేవాడికి రెండోదే ఎక్కువ అవసరం. మన బెదిరింపు ఎదుటివాడికి బెదిరింపుగా వినిపించిందా, డాంబికంగా వినిపించిందా అన్నది వాడి పుస్తకంలోనే దొరుకుతుంది.

3. జనం ఎటుంటే అటు మాట్లాడకండి

సభ మూడ్ చూసి మాట్లాడమని అందరూ చెబుతారు. 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున ఏమైందో చూడండి. ఒడంబడిక ముసాయిదాతో నిజాం ప్రతినిధులు ఢిల్లీ బయలుదేరాలి. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పిలుపు మీద వేలమంది పోగై ప్రధాని ఛత్తారీ నవాబు ఇంటినీ, సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్ ఇంటినీ చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది. ఛత్తారీ రాజీనామా చేశాడు. ఆ పార్టీ నాయకుడు కాసిం రజ్వీ మనుషుల మాట నెగ్గింది. నెల తిరిగాక కొత్త బృందం వెళ్లి దాదాపు అవే షరతుల మీద ఒప్పందం కుదుర్చుకొచ్చింది. ఆ గుంపు సాధించింది ఒక్కటే: రాజీ కుదర్చగలిగిన మనుషుల్ని పక్కకు తోసేసింది. ఆ తర్వాతి ఏడాదిలో నిజాంకు మంచి సలహా చెప్పే నోళ్లు తగ్గిపోయాయి.

ఈరోజు గుంపు ఇంటిముందు నిలబడక్కర్లేదు, ఫోన్‌లోనే పోగవుతుంది. జరిగేది మాత్రం అదే. గుంపుకు భయపడి సంధి వదులుకున్న ప్రభుత్వం రేపు అంతకన్నా చెడ్డ సంధికి ఒప్పుకోవాల్సి వస్తుంది.

4. ఎదుటిపక్షానికి మంచి వాదన మీరే అందించండి

పోటీలో ఇది ఆత్మహత్యలా ఉంటుంది. అయినా చేయండి. 1948 వేసవిలో సంయమనం వైపు గట్టి కారణాలే ఉన్నాయి. కశ్మీర్‌లో అప్పటికే యుద్ధం నడుస్తోంది, ఆ సమస్య ఐక్యరాజ్యసమితి ముందుంది. దేశ విభజన రక్తం ఇంకా ఆరలేదు. హైదరాబాద్‌లో తుపాకీ పేలితే మిగతా దేశంలో ఏమవుతుందోనని నెహ్రూ భయపడ్డాడంటే అది పిరికితనం అనలేం. మౌంట్‌బాటన్ జూన్‌లో దేశం వదిలి వెళ్లేలోగా కుదర్చాలని చూసిన ఒప్పందంలో నిజాంకు చాలా వెసులుబాట్లిచ్చారు. నిజామే దాన్ని తోసిపుచ్చాడు.

బలం వైపు కారణాలూ అంతే గట్టివి. వైమానికుడు సిడ్నీ కాటన్ విమానాలు పాకిస్తాన్ మీదుగా రాత్రిళ్లు నిజాంకు ఆయుధాలు దింపుతున్నాయి. ఒడంబడిక కాగితం మీద ఉండగానే నిజాం ప్రభుత్వం పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల రుణం ఇచ్చింది. పల్లెల్లో రజ్వీ సాయుధ దళం రజాకార్ల దాడులు ఆగలేదు. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. ఢిల్లీలో ఇంకో నెల ఆలోచిద్దాం అన్న మాటకు ఖరీదు బైరాన్‌పల్లి లాంటి ఊళ్లు కడుతున్నాయి.

ఈ రెండు పేరాలూ తడబడకుండా చెప్పగలిగినవాడికే మూడోది, అంటే తన తీర్పు, చెప్పే అర్హత.

5. మీకు నచ్చిన విజయాన్నే ఎక్కువ ప్రశ్నించండి

1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున భారత సైన్యం సరిహద్దు దాటింది. 17 సాయంత్రానికి నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరయ్యాడు. అయిదు రోజుల్లో ముగిసిన పోలీసు చర్య. బలప్రయోగం వైపు నిలబడే ప్రతి వక్తా ఇక్కడ ఆగిపోతాడు. మీరు ఆగకండి.

ఆ తర్వాతి వారాల్లో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల ఊచకోతలు జరిగాయి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ నవంబర్, డిసెంబర్ నెలల్లో రాజ్యంలోని పలు జిల్లాలు తిరిగి, మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని తక్కువలో తక్కువగా అంచనా వేసింది. కొన్నిచోట్ల యూనిఫాంలో ఉన్నవాళ్లూ పాల్గొన్నారని రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. ఏళ్ల తరబడి అది జనానికి అందలేదు. అటు తెలంగాణ పల్లెల్లో అదే సైన్యం కమ్యూనిస్టుల మీదికి మళ్లింది. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించేదాకా అక్కడ తుపాకులు చల్లారలేదు.

దీనర్థం సెప్టెంబర్ 13 తప్పని కాదు. సెప్టెంబర్ 18కి ఏర్పాటు లేకపోవడం తప్పు. యుద్ధ ప్రణాళికలో ఏ దారిన వెళ్లాలో, ఏ వంతెన పట్టుకోవాలో ఉంది. రాజ్యం కూలిన మర్నాడు ఉస్మానాబాద్ పల్లెలో ఒక ముస్లిం కుటుంబం గడపకు ఎవరు కాపలా ఉండాలో లేదు. బలాన్ని సమర్థించేవాడు ఈ ప్రశ్నకు జవాబు జేబులో పెట్టుకునే వేదిక ఎక్కాలి.

6. సంయమనాన్ని మంచితనం అనకండి

శాంతి వైపు మాట్లాడేవాళ్లు తమ పక్షాన్ని ధర్మంలా, ఎదుటిపక్షాన్ని పాపంలా చూపిస్తారు. అక్కడే ఓడిపోతారు. సంయమనం కూడా ఒక ఎత్తుగడే. రాయబారానికి వెళ్లిన కృష్ణుడు వట్టి చేతులతో శాంతి శాంతి అనలేదు. అయిదూళ్లిస్తే చాలన్నాడు. ఇవ్వకపోతే ఏమవుతుందో నిండు సభలోనే చెప్పాడు. అడిగేది స్పష్టంగా ఉంది, హద్దు ఉంది, వెనక సైన్యం ఉంది. ఈ మూడూ లేని ఓర్పును ఎదుటివాడు బలహీనతగానే లెక్కేస్తాడు.

మనవాడే అయిన పీవీ నరసింహారావును చూడండి. హైదరాబాద్ విముక్తి ఉద్యమంలో పనిచేసి, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కన ఉన్న శాసనసభలో ఎదిగి, దేశ ప్రధాని అయిన మనిషి. 1993 సెప్టెంబర్ 7న చైనాతో వాస్తవాధీన రేఖ వెంబడి శాంతి ఒప్పందం ఆయన హయాంలోనే కుదిరింది. 1995 డిసెంబర్‌లో పోఖ్రాన్‌లో అణుపరీక్షకు సన్నాహాలూ ఆయన హయాంలోనే జరిగాయి. అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాక అవి ఆగాయి. 1998 మేలో వాజపేయి ప్రభుత్వం ఆ పని పూర్తిచేసింది. ఒక చేత్తో సంధి, ఇంకో చేత్తో సన్నాహం. మరి పీవీని ఏ పక్షంలో కూర్చోబెడతారు? ఆయన్ని ఏదో ఒక పక్షానికి నెట్టేస్తే విషయం అర్థమయ్యే దారి మూసుకుపోతుంది.

7. అమరుల పేర్లు మీ వాదనకు సాక్ష్యంగా వాడకండి

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. వారికి నాయకుడు సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్లలోపు కాల్పులు జరపకూడదని 1996లో చైనాతో ఇంకో ఒప్పందం ఉంది. అందుకే ఆ రాత్రి పోరు రాళ్లతో, ఇనుపముళ్లు బిగించిన కర్రలతో జరిగింది. ఒప్పందం మన చేతులు కట్టేసిందని ఒకరు అనవచ్చు. ఆ ఒప్పందాలే అంతకుముందు దశాబ్దాలపాటు ఆ రేఖ మీద ప్రాణాలు కాపాడాయని ఇంకొకరు అనవచ్చు. రెండింటిలోనూ నిజముంది. సంతోష్‌బాబు పేరు ఎత్తగానే సభ లేచి నిలబడుతుంది, వాదన అక్కడితో చచ్చిపోతుంది. నిలబడి నమస్కరించండి, కూర్చున్నాక వాస్తవాలతో మాట్లాడండి. అమరులకు అంతకుమించిన మర్యాద లేదు.

8. ‘వాళ్లు’ అనే మాట కొట్టేయండి

ప్రసంగం రాసుకున్నాక ‘వాళ్లు’ ఉన్న ప్రతిచోటా పేరు రాయండి. 1948లో హైదరాబాద్ అంటే ఎవరు? నిజామా, లాయక్ అలీయా, రజ్వీయా? ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ కూడా హైదరాబాదే. యూనియన్‌లో చేరడమే మేలని రాసినందుకు ఆగస్టు 21 రాత్రి, ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు వెళ్లిన రోజునే, కాచిగూడ ప్రాంతంలో ఆయన్ని చంపేశారు. ప్రతి శత్రుదేశంలోనూ ఒక షోయబుల్లా ఉంటాడు. ‘వాళ్లు’ అన్నప్పుడల్లా ఆయన్ని రజ్వీ పక్కన నిలబెడుతున్నాం. ఇక నిన్నటి శత్రువు నిజామే 1950 జనవరి 26 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నాడు. శత్రుత్వం శాశ్వతమన్నట్టు మాట్లాడేవాడు ఈ ఊరి చరిత్ర చదవలేదు.

9. చప్పట్లు పడే వాక్యంతో ముగించకండి

దాని బదులు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి దిగండి. మనకు కావలసింది ఏమిటి? ఏది దొరికితే ఆగుతాం? దానికి మూల్యం ఎవరి ఇల్లు చెల్లిస్తుంది? మర్నాడు పొద్దున ఎవరు ఎక్కడ కాపలా ఉంటారు? బలం వైపు మాట్లాడేవాడూ, సంయమనం వైపు మాట్లాడేవాడూ ఇద్దరూ ఈ నాలుగింటికీ జవాబివ్వాలి. ఇవ్వలేనివాడికి మార్కులు వేయకండి అని న్యాయనిర్ణేతలకూ నా మనవి.

1948 మనకు నేర్పిన పాఠం ఒకటే. గడువు పెట్టని ఓర్పు బైరాన్‌పల్లిని బలి తీసుకుంది. మర్నాటి ఏర్పాటు లేని బలం ఉస్మానాబాద్ పల్లెల్ని బలి తీసుకుంది. చచ్చినవాళ్లు రెండుచోట్లా మన రాజ్యపు జనమే. కాబట్టి ఈసారి వేదిక ఎక్కినప్పుడు గానీ, హోటల్ బల్ల దగ్గర గొంతు పెంచినప్పుడు గానీ ఈ రెండు ఊళ్ల పేర్లూ ఒకే ప్రసంగంలో చెప్పండి. రెండింటికీ జవాబు చెప్పగలిగిన వాదననే నమ్మండి.