లెక్కల మాస్టారు తయారయ్యే విధం

లెక్కల మాస్టార్లు పుట్టరు. వీధిలోవాళ్లు వాళ్లని తయారుచేస్తారు. కుర్రాడు ఇంటర్లో ఎంపీసీ తీసుకున్నాడని తెలిస్తే చాలు, ఎదురింటి పిన్నిగారు ఏడో తరగతి కొడుకుని తెచ్చి ఆ కుర్రాడి అరుగు మీద దింపేస్తారు. “కాస్త లెక్కలు చెప్పు నాయనా, ఖాళీగానే ఉన్నావుగా!”

అంతవరకూ మనవాడికి లెక్కలంటే సూత్రం, గైడు, చివరి పేజీలో జవాబు. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందని ఏనాడూ అడగలేదు. అడగలేదు కాబట్టే క్లాస్ ఫస్టు వచ్చాడు. పిన్నిగారబ్బాయి మొదటిరోజే అడిగేశాడు.

“అది రూల్రా.”

“ఎవరు పెట్టారన్నా?”

ఆ రాత్రి మనవాడికి నిద్రలేదు. తెల్లారగట్ల తట్టింది: రోజుకి పది రూపాయలు పోతుంటే, మూడు రోజుల కిందట జేబులో ఇప్పటికంటే ముప్పై ఎక్కువ ఉండాలి కదా! పోవడం ఒక మైనస్, వెనక్కెళ్లడం ఇంకో మైనస్. పరిగెత్తుకెళ్లి చెప్పాడు. “నా జేబులో ఎప్పుడూ ఏమీ ఉండదన్నా” అన్నాడు వాడు.

నన్నడిగితే మాస్టారు ఆ పూటే అయిపోయాడు. ప్రభుత్వం ఒప్పుకోదు గనక బీఈడీ. 2015 నుంచి అదీ రెండేళ్లు. అందులో సూక్ష్మబోధన అని ఒకటుంది: పాతికేళ్లొచ్చిన ఛాత్రోపాధ్యాయులు బెంచీల మీద కూర్చుని, త్రిభుజమంటే ఏమిటో తెలియనట్టు నటించాలి. ఒకడు “మూడు భుజాలు సార్” అంటాడు. మనవాడు “వెరీ గుడ్” అంటాడు. దాన్ని పునర్బలనం అంటారు, మార్కులుంటాయి.

తర్వాత టెట్టు, అవనిగడ్డలో కోచింగు, బిట్లు, పియాజే, పావ్లోవ్ కుక్క. ఆంధ్రలో 2018 డీఎస్సీ చేజారినవాడు 2025 మెగా డీఎస్సీ దాకా కాచుకున్నాడు. ఈలోగా ప్రైవేటు స్కూల్లో తండ్రీకొడుకుల వయసుల లెక్కలు చేయించాడు. తన వయసు లెక్క ఇంట్లో అమ్మ చూసుకుంది.

పోస్టు వచ్చింది. “అర్థమైందా?” అంటే నలభై గొంతులు “అయింది సార్” అంటాయి. ఏ అమాయకుడో “కాలేదు సార్” అన్నాడనుకోండి, మళ్లీ చెబుతాడు. అవే మాటలు, కాస్త గట్టిగా.

బడి బయటా మాస్టారు మాస్టారే. మొన్న కిరాణా కొట్టాయన నోటితోనే కూడి, నాలుగొందల పన్నెండన్నాడు. మాస్టారు చిల్లర తీయలేదు.

“జవాబు కరెక్టే. స్టెప్పులేవీ?”