నీళ్ల సీసాలతో వచ్చిన అయ్యగారికి

అయ్యా,

మొన్నామధ్య తమరు ఆత్రేయపురం వైపు దయచేసి మా కాలవ నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. గట్టు మీద నిలబడి చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నానండి. నీళ్లు భేషుగ్గా ఉన్నాయని తేల్చారట. ఉండవా మరి!

తమరు సీసా ముంచింది లొల్ల లాకుల దిగువన. నీళ్లు నురగలు కక్కుతూ దూకే చోట గాలి కలిసి ఆక్సిజన్ నిండుతుంది. పైగా మధ్యాహ్నం రెండు గంటల వేళ. ఎండ ఉన్నంతసేపూ నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే నాచు తిరిగి పీల్చుకుంటుంది. అందుకే తెల్లారగట్ల గుర్రపుడెక్క పక్కన చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి గుటకలు వేస్తాయి. ఆ వేళకి తమరి జీపు ఎప్పుడూ రాలేదు.

స్నానాల రేవులో ఆక్సిజన్ లీటరుకి 5 మిల్లీగ్రాములకి తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు. ఇది తమరి పుస్తకంలోని మాటే. బీఓడీ అంటే నీళ్లలో కుళ్లు తినే సూక్ష్మజీవుల ఆకలి లెక్క. సీసాని 27 డిగ్రీల్లో 3 రోజులుంచి ఎంత ఆక్సిజన్ తగ్గిందో చూస్తారు. ల్యాబుకి చేరేదాకా సీసా ఐసులో ఉండాలి. తమరి ఐసుపెట్టెలో కూల్‌డ్రింకులు వెళ్లాయి. సీసాలు వెనక సీట్లో, పూతరేకుల పెట్టెల పక్కన, ఎండలో వెళ్లాయి. దారిలోనే సగం భోజనం అయిపోతే ల్యాబులో ఆకలి తక్కువే కనిపిస్తుంది కదండీ.

1925లో స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు అమెరికాలో ఒహాయో నది మీద ఒక లెక్క కట్టారు. మురుగు కలిసిన చోట కాదు, కొంత దిగువకి పోయాక ఆక్సిజన్ బాగా పడిపోతుందని, ఆపైన మెల్లగా తేరుకుంటుందని. ఆ చోటు పట్టాలంటే ప్రవాహం, లోతు, వేడి, కలిసే మురుగు, అన్నీ లెక్కలో వెయ్యాలి. తమరు లెక్కలో వేసుకున్నది నిండుకాలవ ప్రవాహం. వేసవిలో కాలవ కట్టేశాక గుంటల్లో మిగిలిన కాసిని నీళ్లలోనూ పడేది ఆ మురుగేనండి. పూతరేకులు తీసే మా పిన్నయితే ఒక్క రేకు చూసి కుండ కాక సంగతి చెప్పదు, తమరేమో ఒక్క పూట నీళ్లు చూసి కాలవ సంగతి చెప్పేశారు.

ఈసారి కాలవ కట్టేశాక, తెల్లారగట్ల నాలుగున్నరకల్లా, మురుగుకోడు కలిసే చోటికి దిగువన రండి. టీ పెట్టించి ఉంచుతాం. ఐసు కూడా మేమే తెస్తాం. కూల్‌డ్రింకులకి మాత్రం వేరే పెట్టె తెచ్చుకోండి.

ఇట్లు,
రేవులో రోజూ మునిగేవాడొకడు