బుడ్డోడి పేరు మీద మూడు పార్కులు

ఎండాకాలం సెలవులు ఇంకా రెండు నెలలున్నాయనగానే చీరాల, చిలకలూరిపేట ఇళ్ళలో ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది. పేరు ‘హైదరాబాద్ ట్రిప్’. అందులో నాన్న ఉంటాడు, అమ్మ, బాబాయి, పిన్ని, పెళ్ళికాని మేనత్త కూడా ఉంటారు. ఈ యాత్ర ఎవరికోసమని చెబుతున్నారో ఆ మూడున్నరేళ్ళ బుడ్డోడు మాత్రం ఉండడు. వాడికి ఫోను ఇస్తారు గానీ ఓటు ఇవ్వరు.

తెల్లవారుజామున మూడింటికి కారెక్కి, మొదటి రోజే రామోజీ ఫిల్మ్ సిటీ. విజయవాడ రోడ్డు మీదే ఉంది, ఊళ్ళోకి పోకముందే తగులుతుంది, ‘దారిలోనే గదా’ అని. రెండో రోజు రావిర్యాలలో వండర్‌లా. మూడో రోజు స్నో వరల్డ్. నాలుగో రోజు తిరుగు ప్రయాణం, పక్కన ‘టైముంటే జూ’ అని ఒక ముక్క. ఈ ‘టైముంటే’ రాసినవాడు పిల్లల్ని పెంచాడంటే నేను నమ్మను.

1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ పదహారు వందల ఎకరాల పైచిలుకు. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్ళే రాసుకున్నారు. ఆ విశాలంలో బుడ్డోడికి బాగా నచ్చేది అక్కడ తిప్పే బస్సు. వండర్‌లాలో టికెట్టు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి: 85 సెంటీమీటర్ల లోపైతే ఉచితం, 140 దాటితే పెద్దవాళ్ళ కింద లెక్క. పెద్ద రైడ్ల దగ్గర మళ్ళీ కొలత. బుడ్డోడి తల గీతకు ఆనదు. నాన్న ఎక్కుతాడు, అమ్మ వాణ్ణి చంకనేసుకుని కింద నిలబడుతుంది. అమ్మ వంతు వచ్చేసరికి వాడు ఆమె భుజం మీద నిద్రపోయి ఉంటాడు. ఇక స్నో వరల్డ్. రెంటచింతల ఎండలకు అలవాటైన ప్రాణాన్ని వాళ్ళిచ్చే కోటులో చుట్టి మంచులోకి తోస్తే ఏడవక ఏం చేస్తాడు? ఆ ఏడుపు కూడా రీల్ అవుతుంది, ‘మా వాడి ఎక్సైట్‌మెంట్’ అని.

హైదరాబాదు వెళ్ళేవాళ్ళది చిన్న పిచ్చి. అసలు పిచ్చి ఫ్లోరిడాలో ఉంది. డాలస్‌లోనో షార్లెట్‌లోనో ఉన్న మన అబ్బాయిలు, ఊరి నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నల్ని కూడా వెంటేసుకుని డిస్నీ వరల్డ్‌కు బయల్దేరతారు. అక్కడ 1971 నాటి మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలుపెట్టి, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, 1998 నాటి యానిమల్ కింగ్‌డమ్, మొత్తం నాలుగు పార్కులు. పక్కనే 2025 మేలో యూనివర్సల్ వాళ్ళు ఎపిక్ యూనివర్స్ తెరిచారు, అదొదిలేస్తే ఎట్లా? డిస్నీలో లైన్ తప్పించుకోడానికి లైట్నింగ్ లేన్ అని వేరే డబ్బు కట్టాలి. వాళ్ళ హోటల్లో దిగినవాళ్ళకు ఏడు రోజుల ముందు, మిగతావాళ్ళకు మూడు రోజుల ముందు, అక్కడి పొద్దున ఏడింటికి బుకింగ్ తెరుచుకుంటుంది. తిరుమల మూడొందల టికెట్టు కోసం ఆన్‌లైన్‌లో వేళ్ళు అరగదీసుకున్న జాతికి ఇదేం కొత్త కాదు. కాకపోతే కొండ మీద ఏడాది లోపు పసిబిడ్డ ఉంటే తల్లిదండ్రుల్ని సుపథంలో ముందే పంపిస్తారు. అక్కడ పసిబిడ్డ ఉన్నా కార్డు గీకాల్సిందే. స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 44 అంగుళాల ఎత్తుండాలి. అది లేని మనవణ్ణీ, స్ట్రోలర్నీ, ఏడు సంచుల్నీ కాపలా కాస్తూ బెంచీ మీద కూర్చున్న మిర్చి రైతు తాతయ్యను చూస్తే, యార్డులో టిక్కీల పక్కన కాపలా పడుకోడానికి ఇంతదూరం రావాలా అనిపిస్తుంది.

డిస్నీలో మూడేళ్ళు నిండనివాళ్ళకు టికెట్టు లేదు. అందుకని ‘మూడు నిండేలోపే చూపించేద్దాం’ అని పరుగు. ఎందుకురా అంటే ‘మెమరీస్’ అంటారు. మూడు, మూడున్నరేళ్ళ లోపు జరిగినవి పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఏమీ గుర్తుండని వయసువాణ్ణే ఉచితంగా రానివ్వడం ఆ కంపెనీ లెక్క తెలివి. నిజానికి గుర్తుండేది మీకు. అలాగైతే మీకోసమే వెళ్ళండి, తప్పేముంది? ఆ బిల్లు బుడ్డోడి పేరు మీద రాయడం ఎందుకు? 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాకు ప్రకటించింది 11,781 రూపాయలు. మీ ట్రిప్పు ఎన్ని క్వింటాళ్ళో రైతుబిడ్డలు మీరే లెక్కేసుకోండి.

ఇదంతా చదివి ‘ఆ పార్కులెందుకు, వాడరేవు ఇసుక చాలదా’ అని మీసం దువ్వే పెద్దాయనా, ఆగండి. మీరు చెట్టు కింద చేపల వేపుడు తింటూ పిల్లకాయల్ని అలల మీదికి వదిలేసే రకం. వాడరేవు, రామాపురం తీరాల్లో మునిగిపోయినవాళ్ళ వార్తలు పేపర్లో చదవట్లేదా? సముద్రం దగ్గర ఎత్తు కొలిచేవాడు లేడు. పీతలు బొరియల్లోకి దూరడం, పడవను ఒడ్డుకు లాగడం చూస్తూ బుడ్డోడు గంటసేపు కూర్చుంటాడు, నిజమే. కానీ పక్కన మీరు కూడా కూర్చోవాలి, ఫోను జేబులో పెట్టి.

కాబట్టి అమ్మా, నాన్నా, ఆ వాట్సాప్ గ్రూపులో రెండో పార్కు, మూడో పార్కు కొట్టేయండి. ఈ ఏడాదికి ఒకే పార్కు, అదీ ఒక్క పూట. మధ్యాహ్నం వాడికి నిద్రొస్తే భుజాన వేసుకుని బయటికి రండి. టికెట్టు డబ్బులు దండగవుతాయని మాత్రం వాణ్ణి లేపకండి.