ఇల్లు కట్టి చూడు, సర్వర్ కట్టి చూడు

మొట్టమొదట, ఇంట్లో ఉన్న సర్వర్ బాగానే పనిచేస్తోందన్న సంగతి మరిచిపోవాలి. ఇది అనుకున్నంత తేలిక కాదు. మాది తొమ్మిదేళ్ళుగా టీవీ స్టాండు కింద గుర్రుమంటూ పడి ఉంది. ఆఫీసులో తీసేసిన డెస్క్‌టాప్, అందులో రెండు 4 టీబీ డిస్కులు. పిల్లల ఫొటోలు, పెళ్ళి వీడియో, నాన్న పెన్షన్ కాగితాల స్కాన్లు, తీరిక దొరికితే చూద్దామని దాచిన సినిమాలు అన్నీ దాన్లోనే. ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అలాంటిదాన్ని మార్చాలంటే ముందు దానిమీద మనసు విరగాలి. అందుకు రాత్రి పదకొండు తర్వాత యూట్యూబ్ ఉంది. ఎక్కడో మంచుదేశంలో ఒకాయన గ్యారేజీలో ఇరవై నాలుగు డిస్కుల ర్యాకు ముందు నిలబడి నవ్వుతుంటాడు. తెల్లారేసరికి మన డబ్బా మనకే నామోషీగా కనిపిస్తుంది.

తర్వాత ఇంట్లో చెప్పాలి. "కొత్త నాస్ కడుతున్నా" అన్నాను. మా అమ్మకి సగమే వినిపించింది. "నాసిరకం ఎందుకురా, కొనేదేదో మంచిదే కొనుక్కో" అంది. దీన్ని అనుమతి అంటారు. నాస్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే బియ్యం డ్రమ్ముతో పోల్చండి. ఒక్కచోట ఉంటుంది, ఇంట్లో ఎవరికి కావాలంటే వాళ్ళు వచ్చి తోడుకుంటారు. ఆ డ్రమ్ముకి పదహారు కోర్ల ప్రాసెసర్ ఎందుకని మాత్రం అడగనివ్వకండి.

సలహాదారుల కొరత మేముండే హైదరాబాద్ మధురానగర్‌లో ఉండదు. ఒక్క స్టేషన్ అవతల అమీర్‌పేట. ఆదిత్య ఎన్‌క్లేవ్ నీలగిరి బ్లాకు గోడ మీద ఎన్ని కోచింగ్ బోర్డులుంటాయో అన్ని అభిప్రాయాలు. మా అన్నయ్య కొడుకు పక్క వీధి హాస్టల్లో ఉండి డెవాప్స్ నేర్చుకుంటున్నాడు. ఆదివారం ఇడ్లీలకి వచ్చి, "ఒక్క మెషీనేంటి బాబాయ్, అది పడిపోతే? మూడు పెట్టి కుబెర్నెటీస్ క్లస్టర్ చెయ్యి" అన్నాడు. మా పెళ్ళి వీడియోని పదిహేనేళ్ళలో మేం చూసింది రెండుసార్లు, రెండోసారి తలంబ్రాల దాకా కూడా రాలేదు. అది క్షణం కూడా ఆగకుండా అందుబాటులో ఉండాలంటే మూడు మెషీన్లు కావాలట. వాడి కోర్సు అప్పటికి నాలుగో వారంలో ఉంది. ఇలాంటి సలహాని తోసెయ్యకూడదు, రాసుకోవాలి.

కొనేచోటు గురించి చర్చ లేదు. మధురానగర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేట, బేగంపేట, ప్రకాశ్‌నగర్, రసూల్‌పుర దాటాక ప్యారడైజ్. ఒకటే లైను, మారే పని లేదు. అక్కణ్ణించి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే మన సీటీసీ. బిర్యానీ ముందా, బోర్డు ముందా అన్నది మీ ఇష్టం. మదర్‌బోర్డు ధర విన్నాక మాత్రం బిర్యానీ సహించదు.

షాపులో "సర్వర్‌కి క్యాబినెట్" అనగానే కుర్రాడు పక్కంతా గాజున్నదీ రంగుల లైట్లున్నదీ దించాడు. ఆరు ఫ్యాన్లు, హార్డ్ డిస్కులకి రెండే అరలు. నాలుగు డిస్కులెక్కడ పెట్టాలంటే, "డిస్కులెవరు వాడుతున్నారు సార్ ఇప్పుడు" అన్నాడు. లైట్లెందుకంటే "కూలింగ్ సార్" అన్నాడు. అరలు లెక్కపెట్టి, ఫ్యాను గాలి డిస్కుల మీదికొస్తుందో లేదో చూసి కొనేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళ సర్వర్లని ఎవరూ ఫొటో తియ్యరు.

ప్రాసెసర్ దగ్గర అసలు తగ్గొద్దు. ఇంటి గిగాబిట్ కేబులు సెకనుకి 110 ఎంబీ చిల్లర మించి మొయ్యదు. ఆ బరువుని పదేళ్ళనాటి ప్రాసెసర్ నిద్రలో మోస్తుంది. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 అయితే 6 వాట్ల చిప్పు. ఫైళ్ళు అందించడానికీ, టీవీకి సినిమా పంపడానికీ అదే ఎక్కువ. కాబట్టి అది కనిపిస్తే ముఖం తిప్పుకుని ముందుకి నడవండి. కరెంటు లెక్క కూడా వేయకండి. ఊరికే కూర్చుని 60 వాట్లు తాగే పెట్టె నెలకి 43 యూనిట్లు కాలుస్తుంది. గృహజ్యోతి పథకం ఉన్న ఇంట్లో 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు, ఒక్క యూనిట్ దాటితే మొత్తం కట్టాలి. ఎవరూ అడగని ఫైళ్ళకి రాత్రంతా కాపలా కాసినందుకు ఆ మాత్రం కూలి ఇవ్వరా?

ర్యామ్ కొనడానికి ధరలు పెరిగేదాకా ఆగాలి. నేను చాన్నాళ్ళు ఆగాను. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోతుంటే అప్పుడు గుర్తొచ్చింది నాకు 64 జీబీ కావాలని. హార్డ్ డిస్కులకీ ఇలాగే జరిగింది. 2011 థాయ్‌లాండ్ వరదల్లో ఫ్యాక్టరీలు మునిగి ధరలు మండిపోయిన నెలలోనే నేను మొదటి డిస్కు కొన్నాను. ఇంతకీ నాస్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ట్రూనాస్ అడిగేది కనీసం 8 జీబీ. ఫ్రీనాస్ అన్న పాత పేరుతో అది 2005 నుంచీ ఉంది, దానికి మన ఆర్భాటం పట్టదు.

ఇక డిస్కులు. గైడులో మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే చాన్నాళ్ళు తెలియదు. డిస్కుల్లో సీఎంఆర్, ఎస్‌ఎంఆర్ అని రెండు రకాలు. ఎస్‌ఎంఆర్ అంటే పెంకుటింటి కప్పు. ఒక ట్రాకు అంచు మీద ఇంకో ట్రాకు ఎక్కించి పరుస్తారు, అదే పళ్ళెంలో ఎక్కువ పడుతుంది. ఊళ్ళో కోతులు తిరిగాక కప్పు నేయించినవాళ్ళకి తెలుసు, మధ్యలో ఒక్క పెంకు మార్చాలంటే దాని మీదికి ఎక్కినవన్నీ తీసి మళ్ళీ పరవాలి. డిస్కూ అంతే చేస్తుంది. ఒకసారి రాసి దాచుకునేవాటికి పరవాలేదు, పోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి మొత్తం తిరగరాయించేటప్పుడు మాత్రం ఆయాసపడి చేతులెత్తేస్తుంది. నాస్ కోసమే అని అమ్మిన వెస్టర్న్ డిజిటల్ రెడ్‌లో 2 నుంచి 6 టీబీ రకాలు కొన్ని ఈ పెంకుల రకమేనని 2020లో బయటపడింది. అంతకుముందు డబ్బా మీద ఆ ముక్క లేదు. నేను షాపులో "సీఎంఆరా, ఎస్‌ఎంఆరా?" అని గట్టిగా అడిగాను. "రెండూ ఉన్నాయి సార్, ఏ కలర్ కావాలి?" అన్నాడు. ఊదారంగు చూపించి, "సీసీ కెమెరాలకి పోతుంది సార్, చాలా గట్టిది" అన్నాడు. మోడల్ నంబరు పట్టుకుని తయారీదారు ఇచ్చిన వివరాల్లో చూస్తే నిమిషంలో తేలుతుంది. ఆ నిమిషం నేను బేరానికి వాడుకున్నాను.

చవగ్గా వచ్చే "కొత్త" ఎంటర్‌ప్రైజ్ డిస్కులు కూడా వదులుకోకండి. 2025 మొదట్లో యూరప్‌లో వేల గంటలు తిరిగిన డిస్కుల్ని మీటరు సున్నాకి తిప్పి కొత్తవంటూ అమ్మారు. సెకండ్‌హ్యాండ్ కార్ల మీటర్లు చూసి పెరిగిన మనకి ఇందులో వింతేమీ కనిపించదు.

నాలుగు డిస్కులూ ఒకేరోజు, ఒకే పెట్టెలోవి, వరస నంబర్లతో కొనండి. కలిసి పుట్టినవి కలిసే పోవాలి కదా. వాటిని రెయిడ్‌లో, అంటే ఒకటి పోయినా డేటా నిలిచేలా, కలపండి. 1988లో బర్క్‌లీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ రాసిన పేపర్లో ఆ పేరులోని ఐ అక్షరానికి అర్థం చవక అని. తర్వాత దాన్ని స్వతంత్రం అని మార్చారు. నా బిల్లు చూశాక ఎందుకు మార్చారో బోధపడింది. ఒకటి పోయి ఇంకోటి పెడితే 8 టీబీ డిస్కు నిండడానికి సెకనుకి 150 ఎంబీ లెక్కన కూడా పదిహేను గంటలు. ఆ పదిహేను గంటలూ మిగతా మూడు, అదే పెట్టెలో పుట్టినవి, ఊపిరి బిగబట్టి తిరుగుతాయి.

రెయిడ్ ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదని మీకు మీరే చెప్పుకోండి. మావాడు ఒకసారి పాత డబ్బాలో ఫోల్డర్ తుడిచేస్తే అది రెండు డిస్కుల్లోంచీ ఒకేసారి, ఎంతో వినయంగా వెళ్ళిపోయింది. పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలో పెట్టిన సూత్రం ప్రకారం మూడు కాపీలుండాలి, రెండు రకాల వాటి మీద, ఒకటి వేరే చోట. నేను మూడోదాన్ని విజయవాడ సింగ్‌నగర్‌లో అక్క వాళ్ళింట్లో పెడదామనుకున్నాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వాళ్ళ వీధిలోకి వచ్చింది. అక్క మేడ మీదికి మొదట మోసింది పొలం పాసుపుస్తకాలు. డిస్కు తడవలేదు. పంపుదాం పంపుదాం అనుకుంటూ నేనింకా పంపలేదు.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది మామగారికి వదిలేశాను. కరెంటు వస్తువు ఆగ్నేయంలో ఉండాలన్నారు. ఆగ్నేయంలో మా వంటిల్లు. పోపు వేసినప్పుడల్లా ఫ్యాన్లు ఇంగువ పీల్చాయి. వారం తర్వాత మామగారు ఊరెళ్ళాక హాల్లోకి మార్చాను.

మొత్తం డేటా ఎంతుందో చివర్న, కాపీ చేసేటప్పుడు మాత్రమే చూడాలి. ముందే చూస్తే కొనడానికి ఏమీ మిగలదు. మాది 1.3 టీబీ. సినిమాలు పక్కన పెడితే 240 జీబీ. కొత్త పెట్టెలో చోటు 24 టీబీ. కాపీ మూడున్నర గంటల్లో అయిపోయింది. నేను పక్కనే కూర్చుని చూస్తుంటే మా ఆవిడ వచ్చి, "ఏమండీ, నా ఫోన్లో మెమరీ ఫుల్ అంటోంది, ఏం తీసెయ్యమంటారు?" అంది.

పాత డబ్బా కావాలని ముగ్గురు అడిగారు, ఇస్తానని మాటిచ్చాను. క్షమించాలి. కొత్తదాంట్లో ఒక డిస్కు ఇరవయ్యో రోజున టకటకమంది, వారంటీకి పంపాను. రెండోది కూడా పొద్దుట్నుంచి గొంతు సవరించుకుంటోంది. పాతది మళ్ళీ టీవీ స్టాండు కిందికి వచ్చింది. ప్రస్తుతానికి అమ్మకానికి లేదు.